వంగని ఉక్కు విరిగే తీరు

గట్టిపరచిన టూల్ స్టీల్ భాగం విరిగేముందు ఏ సూచనా ఇవ్వదు. మామూలు మెత్తని ఉక్కు బోల్టు మీద మోయలేనంత బరువు పడితే అది సాగుతుంది, ఒకచోట సన్నబడుతుంది, వంగుతుంది. ఆ వంపు చూసి మెషీన్ ఆపేందుకు కాస్త వ్యవధి దొరుకుతుంది. గట్టిపరచిన పంచ్, ట్యాప్, బేరింగ్ రింగ్ అలా కావు. నిన్నటిదాకా పనిచేసిన పంచ్ ఇవాళ టప్పున రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల కొలతలు తీస్తే ఎక్కడా సాగినట్టు గానీ సన్నబడినట్టు గానీ తేలదు. ఉన్న ఆకారంలోనే ఇలా తెగిపోవడాన్ని పెళుసు భంగం అంటారు.

బలం చాలక జరిగేది కాదిది. 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సీ స్కేలు) కాఠిన్యం ఉన్న టూల్ స్టీల్ 2000 మెగాపాస్కల్ నొక్కుడు ప్రతిబలాన్ని కూడా శాశ్వతంగా రూపు మారకుండా మోయగలదు. ఇళ్లకూ వంతెనలకూ వాడే మెత్తని ఉక్కు 250 దగ్గరే లొంగిపోతుంది. అయితే ఇంత తేడా ఉన్న ఈ రెండు ఉక్కులూ ఒక విషయంలో సమానం. బలం పడితే ఎంత సాగుతుందో, వంగుతుందో నిర్ణయించే యంగ్ గుణకం రెండింటికీ 200–210 గిగాపాస్కల్ మధ్యే ఉంటుంది. కాబట్టి ఒకే కొలతలున్న మెత్తని కడ్డీ, గట్టిపరచిన కడ్డీ ఒకే బరువుకు ఒకే మేర వంగుతాయి. షాఫ్ట్ ఎక్కువగా వంగుతోందని దాన్ని హార్డెనింగ్‌కు పంపే అలవాటు వర్క్‌షాపుల్లో ఉంది గానీ, దానివల్ల వంపు ఏమాత్రం తగ్గదు. ఎంతవరకు వంగి తిరిగి తిన్నబడగలదన్న హద్దు మాత్రమే పెరుగుతుంది.

ఆ హద్దు పెరగడంలోనే ప్రమాదం కూడా ఉంది. ప్రతిబలం కింద ఉన్న లోహం కొంత శక్తిని తనలో దాచుకుంటుంది. ఆ నిల్వ ప్రతిబలపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 250 మెగాపాస్కల్ దగ్గర ఒక ఘన సెంటీమీటరు ఉక్కులో ఉండేది 0.15 జౌల్ మాత్రమే. 2000 దగ్గర అది సుమారు 9.6 జౌల్, అంటే 64 రెట్లు. మెత్తని ఉక్కులోనైతే సాగడానికే శక్తి ఖర్చైపోతుంది. గట్టి ఉక్కులో అలా ఖర్చుపెట్టే దారి లేదు. పగులు తెరుచుకోవడానికి కావలసిన కొద్దిపాటి శక్తి పోగా మిగిలిందంతా ముక్కలను విసిరేస్తుంది. ఒక సుత్తి ముఖాన్ని మరో సుత్తి ముఖంతో కొట్టకూడదని పనివాళ్లకు మొదటిరోజే చెప్పడం ఇందుకే. రెండు ముఖాలూ గట్టిపరచినవే. అంచు నుంచి లేచిన చిన్న పెచ్చు కంటిని పోగొట్టగలదు.

ఉక్కు మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా అన్నది దాని స్ఫటికాల్లో తేలుతుంది. ఇనుము పరమాణువులు వరుసలు కట్టి ఉంటాయి. ఆ వరుసలు అక్కడక్కడా మధ్యలోనే ఆగిపోయి ఉంటాయి. ఆ లోపాలను డిస్‌లొకేషన్లు అంటారు. బలం పడినప్పుడు పరమాణువుల పొర మొత్తం ఒక్కసారిగా జరగదు. ఈ లోపాలు ఒక్కో వరుస దాటుకుంటూ పాకుతాయి. లోహం సాగడమంటే ఇవి పాకడమే. వీటి దారికి అడ్డుపడే ప్రతిదీ ఉక్కును గట్టిపరుస్తుంది. ఆ అడ్డంకుల్లో చవకైనదీ బలమైనదీ కార్బన్.

చల్లని ఇనుము స్ఫటికంలో కార్బన్‌కు చోటు దాదాపు లేదు. ఫెర్రైట్ అనే ఆ రూపం గరిష్ఠంగా ఇముడ్చుకోగలిగేది 0.02 శాతమే. ఉక్కును 727 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిస్తే స్ఫటికం అమరిక మారి ఆస్టెనైట్ అవుతుంది. తగినంత వేడి మీద అందులో 2 శాతం దాకా కార్బన్ కరుగుతుంది. నిదానంగా చల్లారనిస్తే ఆ కార్బన్ బయటికి వచ్చి సన్నని కార్బైడ్ పలకలుగా పేరుకుంటుంది. నూనెలోనో నీళ్లలోనో ముంచి ఒక్కసారిగా చల్లారిస్తే బయటపడే వ్యవధి చిక్కదు. లోపలే ఇరుక్కుపోయి స్ఫటికాన్ని ఒక దిక్కుకు సాగదీస్తుంది. అలా బిగుసుకుపోయిన రూపమే మార్టెన్‌సైట్. జర్మన్ లోహ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ గౌరవార్థం ఫ్రాన్స్‌కు చెందిన ఫ్లోరిస్ ఆస్మాండ్ 1895లో ఆ పేరు పెట్టాడు. మార్టెన్‌సైట్‌లో డిస్‌లొకేషన్లకు కొదవ లేదు, కదిలే వీలే లేదు. కాఠిన్యాన్ని ఇచ్చిన ఆ కట్టడే పెళుసుదనాన్నీ ఇస్తుంది. అందుకే మొదటిదాన్ని ఉంచుకొని రెండోదాన్ని పూర్తిగా వదిలించుకోవడం కుదరదు.

కార్బన్ ఎక్కువున్న ఉక్కు మొండిదని పాతకాలం కమ్మరులకూ తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దిమ్మలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఊట్జ్‌గా ప్రసిద్ధికెక్కిన ఆ రకం ఉక్కులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉండేది. తమకు అలవాటైనట్టు బాగా తెల్లగా కాల్చి సాగదీయబోయిన యూరప్ కమ్మరుల చేతిలో అది పొడిపొడిగా రాలిపోయేది. తక్కువ వేడి మీద ఓపికగా కొడితే మాత్రం కత్తిగా సాగేది.

పెళుసు పదార్థం ఎంత ప్రతిబలానికి విరుగుతుందన్న లెక్క ఇరవయ్యో శతాబ్దం దాకా తెగలేదు. పరమాణు బంధాల బలాన్ని బట్టి లెక్కకట్టిన దానికంటే చాలా తక్కువ ప్రతిబలానికే వస్తువులు విరుగుతున్నాయి. ఓడల రేకులలో రంధ్రాల గురించి ఆలోచిస్తూ చార్ల్స్ ఇంగ్లిస్ 1913లో ఒక లెక్క తేల్చాడు. లాగుడులో ఉన్న పలకకు గుండ్రని రంధ్రం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడింతలవుతుంది. రంధ్రం సన్నగా, మొన తేలి, లాగుడుకు అడ్డంగా ఉన్నకొద్దీ అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొన ఎంత పదునుగా ఉంటే అంత చేటు. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో విమానాల ఇంజనీరుగా ఉన్న ఏ.ఏ. గ్రిఫిత్, లోహ భాగాల మీది గీతలు వాటి బలాన్ని ఎంత తగ్గిస్తాయో పరిశోధిస్తూ దీన్ని ముందుకు తీసుకెళ్లాడు. లోహానికి బదులు గాజును పరీక్షించి 1921లో ప్రచురించిన పత్రంలో ఆయన శక్తి లెక్క చూపాడు. పగులు కాస్త ముందుకు జరిగితే కొత్త ముఖాలు తెరవడానికి శక్తి కావాలి, అదే సమయంలో చుట్టూ నిల్వ ఉన్న శక్తి విడుదలవుతుంది. పొడవు ఒక హద్దు దాటగానే విడుదలయ్యేదే ఎక్కువ. ఆపైన పగులు తనంతట తానే పరుగెడుతుంది. అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో జార్జ్ ఇర్విన్ 1950లలో ఈ సూత్రాన్ని లోహాలకు పనికొచ్చేలా మలిచాడు. పగులు మొన దగ్గరి తీవ్రతకు ఒక అంకె ఇచ్చి, ఏ అంకె దగ్గర పదార్థం ఇక ఆపుకోలేదో దాన్ని పగులు నిరోధం అన్నారు. దాని కొలమానం మెగాపాస్కల్ రూట్ మీటర్.

గాజుకు ఆ విలువ ఒకటిలోపే. మెత్తని ఉక్కుకు నూరు దాటుతుంది. 60 హెచ్‌ఆర్‌సీ దగ్గర టూల్ స్టీల్‌కు 20 ప్రాంతంలో ఉంటుంది. ఈ అంకె అర్థం లెక్క వేస్తే గానీ మనసుకెక్కదు. నిరోధం 20 ఉన్న భాగం ఉపరితలం మీద 1000 మెగాపాస్కల్ లాగుడు ఉందనుకుంటే, అది తట్టుకోగలిగే పగులు లోతు సుమారు 0.1 మిల్లీమీటరు. మామూలు కాగితం మందం అంతే. లాగుడును సగానికి తగ్గిస్తే ఆ లోతు నాలుగింతలై 0.4 మిల్లీమీటర్లవుతుంది. లాగుడు అలాగే ఉంచి నిరోధం 60 ఉన్న ఉక్కు వాడితే 0.9 దాకా వస్తుంది. ముప్పై డిగ్రీలు ఎక్కువ కాలడం, గ్రైండింగ్ వీల్ కాస్త మొద్దుబారడం, మూల కాస్త పదునుగా తిరగడం వంటి చిన్నచిన్న విషయాలు గట్టి భాగం బతుకును ఎందుకు తేల్చేస్తాయో ఈ అంకెలను బట్టే తెలుస్తుంది. అవన్నీ 0.1 మిల్లీమీటరు లోపలి వ్యవహారాలే.

వర్క్‌షాపులో అందుబాటులో ఉండే కొలత మాత్రం కాఠిన్యం ఒక్కటే. రాక్‌వెల్ సీ స్కేలులో 120 డిగ్రీల వజ్రపు మొనను 150 కిలోల బరువుతో నొక్కి, దిగిన లోతును బట్టి అంకె ఇస్తారు. నిమిషంలో అయిపోయే పరీక్ష కావడంతో అదే నాణ్యతకు కొలబద్ద అయి కూర్చుంది. నిజానికి నొక్కుడును తట్టుకునే శక్తికీ పగులును ఆపే శక్తికీ సంబంధం తిన్నగా ఉండదు. ఒకే 58 హెచ్‌ఆర్‌సీ చూపే రెండు పంచ్‌లలో ఒకటి దెబ్బకు రెండింతలు ఆగవచ్చు. తేడా ఉక్కు రకంలో ఉంటుంది, అంతకంటే ఎక్కువగా అది ఎలా కాలిందన్నదానిలో ఉంటుంది. విరిగిన పంచ్ తీసుకొచ్చి “ఈసారి ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ పెట్టండి” అని అడగడం హీట్ ట్రీట్‌మెంట్ దుకాణాలకు మామూలే. అరిగిపోయిన పంచ్ విషయంలో ఆ కోరిక సబబు. విరిగిన పంచ్ విషయంలో తలకిందుల వైద్యం.

ఉక్కు రకాల్లో మన టూల్ రూముల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఓహెచ్‌ఎన్‌ఎస్ అని పిలిచే నూనెలో గట్టిపడే ఉక్కులో కార్బన్ 0.9 శాతం ఉంటుంది. హెచ్‌సీహెచ్‌సీఆర్ అని పిలిచే డీ2 రకంలో కార్బన్ 1.5, క్రోమియం 12 శాతం. డీ2 అరుగుదలకు మొనగాడు. కారణం అందులోని క్రోమియం కార్బైడ్ గడ్డలు. అవి పదుల మైక్రాన్ల సైజులో ఉండి, కడ్డీ రోలింగ్ అయిన దిక్కున చారలు కట్టి ఉంటాయి. అరుగుదలను ఆపే ఆ గడ్డలే పగులుకు మొదటి మెట్టు కూడా. చారలకు అడ్డంగా లాగుడు పడేలా భాగాన్ని కోస్తే అది సులువుగా చీలుతుంది. పలక నుంచి ముక్క కోసేటప్పుడు రోలింగ్ దిక్కు చూసుకోవాల్సింది అందుకే. తరచూ ఎవరూ చూడరు. 1970 ప్రాంతంలో అమెరికాలో, స్వీడన్‌లో కరిగిన ఉక్కును పొడిగా చిమ్మి, ఆ పొడిని ఒత్తిడితో దిమ్మగా కట్టే పద్ధతి వ్యాపారంలోకి వచ్చింది. అందులో కార్బైడ్లు కొద్ది మైక్రాన్లకు మించవు, చారలు కట్టవు. ఖరీదు ఎక్కువ. దెబ్బ తినే పనులకు ఎస్7 వంటి రకాలున్నాయి. అందులో కార్బన్ 0.5 శాతమే, పెద్ద గడ్డలు లేవు. అరుగుదలలో మాత్రం డీ2కు సాటిరాదు.

పగులుకు మొదటి అవకాశం ఫర్నేస్ దగ్గరే. ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు ఘనపరిమాణం సుమారు 4 శాతం పెరుగుతుంది. ముంచగానే పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలిభాగం తర్వాత మారి ఉబ్బబోతుంది. అప్పటికే గాజులా బిగుసుకున్న పైపొర మీద లాగుడు పడుతుంది. పల్చని చోటు పక్కనే మందమైన చోటు ఉన్నా, అంచుకు దగ్గరగా రంధ్రం ఉన్నా, లోపలి మూల పదునుగా ఉన్నా అక్కడే చీలుతుంది. నీళ్లలో ముంచే ఉక్కులకు ఈ బెడద ఎక్కువ, నూనెలో తక్కువ, గాలికే గట్టిపడే రకాల్లో ఇంకా తక్కువ. మిశ్రలోహ మూలకాలను అంత ఖర్చుపెట్టి కలిపేది చాలావరకు నింపాదిగా చల్లార్చినా గట్టిపడాలనే. ముంచిన భాగం 50–60 డిగ్రీలకు, అంటే చేత్తో పట్టుకోగలిగే వేడికి దిగగానే టెంపరింగ్‌లో, అంటే తక్కువ వేడి మీద మళ్లీ కాల్చే దశలో పెట్టాలి. “రేపు పొద్దున పెడదాంలే” అని బల్లమీద వదిలేసిన డై రాత్రికి రాత్రే చీలి కనిపించడం ఈ రంగంలో పాత కథ.

ఎక్కువ కాల్చడం ఇంకో తప్పు. వేడి పెరిగేకొద్దీ ఆస్టెనైట్ రేణువులు పక్కవాటిని కలుపుకొని పెద్దవవుతాయి. పెద్ద రేణువుల ఉక్కు కాఠిన్యంలో ఏ లోటూ చూపదు, పగులును మాత్రం ఆపలేదు. దీనికి చరిత్రలో పేరుపడ్డ ఉదాహరణ అమెరికా సైన్యపు 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్. దాని రిసీవర్ (తుపాకీ యంత్రాంగాన్ని పట్టి ఉంచే భాగం) టూల్ స్టీల్ కాదు, పైపొరకు కార్బన్ పట్టించి గట్టిపరచిన తక్కువ కార్బన్ ఉక్కు. కానీ అది విరిగిన తీరు అచ్చం ఇదే. 1917లో కొన్ని రైఫిళ్లు పేలుస్తుండగా రిసీవర్లు ముక్కలు ముక్కలయ్యాయి. విచారణ ఫోర్జింగ్ షాపులోకి వెళ్లి తేలింది. అక్కడ ఉక్కు వేడిని అనుభవజ్ఞులైన పనివాళ్లు కంటితో, రంగు చూసి నిర్ణయించేవారు. మబ్బు రోజున సరిపోయిందనిపించే ఎరుపు, ఎండ బాగా పడే రోజున చాలనట్టు కనిపించేది. పైరోమీటర్లు పెట్టి చూస్తే ఎండ రోజుల్లో ఉక్కు 165 డిగ్రీల సెల్సియస్ వరకు ఎక్కువ కాలుతోందని బయటపడింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో 8,00,000 లోపు, రాక్ ఐలండ్‌లో 2,85,507 లోపు సీరియల్ నంబర్లున్న రైఫిళ్లు అప్పటినుంచి అనుమానపు జాబితాలోకి చేరాయి. వాటిని పేల్చవచ్చా లేదా అన్న వాదన తుపాకుల సేకర్తల మధ్య ఇప్పటికీ సాగుతోంది. కాఠిన్య పరీక్షతో వాటిలో మంచీ చెడూ ఏరలేకపోవడమే అందుకు కారణం.

టెంపరింగ్ అంటే మార్టెన్‌సైట్‌ను మళ్లీ కాస్త కాల్చి, ఇరుక్కున్న కార్బన్‌ను కొంత కదలనిచ్చి, లోపలి బిగువును సడలించడం. ఓహెచ్‌ఎన్‌ఎస్ వంటి వాటికి 150–200 డిగ్రీలు చాలు. డీ2ను, హైస్పీడ్ స్టీళ్లను 500 డిగ్రీల పైన టెంపర్ చేసే పద్ధతి ఉంది. ఆ వేడిలో సన్నని మిశ్ర కార్బైడ్లు పుట్టి కాఠిన్యం మళ్లీ లేస్తుంది. వేడి పెంచుకుంటూ పోతే పెళుసుదనం తగ్గుతూ పోతుందని అనిపిస్తుంది గానీ దారి అంత నునుపు కాదు. చాలా ఉక్కులకు 260–370 డిగ్రీల మధ్య ఒక గుంట ఉంది. అక్కడ కాఠిన్యం తగ్గినా పగులు నిరోధం పెరగకపోగా పడిపోతుంది. ఆ వేడిలో కార్బైడ్ పల్చని పొరలుగా రేణువుల అంచుల వెంట పేరుకోవడం దీనికి ముఖ్య కారణం. ఇక ముంచిన ఉక్కులో మారకుండా మిగిలిపోయిన ఆస్టెనైట్ మొదటి టెంపరింగ్ తర్వాత చల్లారేటప్పుడు కొత్త మార్టెన్‌సైట్‌గా మారుతుంది. అది టెంపర్ కాని పచ్చి మార్టెన్‌సైట్. దానికోసమే రెండోసారి టెంపర్ చేయాలి. హైస్పీడ్ స్టీల్‌కు మూడోసారి కూడా.

హీట్ ట్రీట్‌మెంట్ బాగా జరిగిన భాగాన్ని గ్రైండింగ్‌లో పాడుచేయడం ఎంత సులువో ఆ పని చేసేవాళ్లకే తెలుసు. మొద్దుబారిన వీల్, ఎక్కువ కోత, చాలని కూలెంట్ కలిస్తే ఉపరితలం క్షణకాలం ఎర్రగా కాలి, కింది చల్లని లోహం వల్ల వెంటనే ఆరిపోతుంది. అంటే పైపొర మళ్లీ గట్టిపడి, టెంపర్ లేకుండా ఉండిపోతుంది. దాని అడుగున అతిగా టెంపరై మెత్తబడ్డ పొర. ఈ రెండింటి మధ్య బిగువుకు గ్రైండింగ్ దిక్కుకు అడ్డంగా సన్నని పగుళ్లు వరుసగా, లేదా వలలా వస్తాయి. కంటికి కనిపించవు. కాలిన రంగును చివరి పాస్‌లో తుడిచేసినా నష్టం అడుగున ఉండిపోతుంది. ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆసిడ్ కలిపిన ద్రావణం పూస్తే కాలిన చోట్లు వేరే రంగులో తేలతాయి. స్పార్క్ మెషీన్, వైర్‌కట్ కోతల్లోనూ ఇదే చిక్కు. స్పార్క్‌కు కరిగి మళ్లీ గడ్డకట్టిన తెల్లని పొర పల్చనిదే, కానీ పగుళ్లతో నిండి ఉంటుంది. దాన్ని పాలిష్ చేసి తీసేసి, మునుపటి కంటే కాస్త తక్కువ వేడి మీద మరోసారి టెంపర్ చేస్తే భాగం దక్కుతుంది.

తుప్పు రాకుండా పూత వేయించడం కూడా అపాయం తేగలదు. ఆసిడ్‌లో కడిగేటప్పుడు, విద్యుత్తుతో జింక్ గానీ క్రోమియం గానీ పూత వేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి జొరబడతాయి. అవి లాగుడు ఎక్కువున్న చోటికి పాకి చేరేసరికి గంటలు, రోజులు పడుతుంది. బిగించినప్పుడు బాగున్న గట్టి బోల్టు మరునాడు ఎవరూ తాకకుండానే తల ఊడి పడిపోవడానికి కారణం ఇదే. పూత వేసిన నాలుగు గంటల లోపు 200 డిగ్రీల దగ్గర చాలాసేపు కాల్చి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టడం ఆనవాయితీ. 200లోపు వేడి మీద టెంపరైన భాగానికి అలా కాల్చినా మెత్తబడే భయం ఉంటుంది కనుక వేడిని చూసుకోవాలి.

లోపం ఎంతున్నా దాన్ని తెరిచే లాగుడు లేకపోతే పగులు కదలదు. నొక్కుడు పగులును మూస్తుంది, లాగుడు తెరుస్తుంది. పంచ్ విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. 6 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు పలకలో 10 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టాలంటే, పలక కోత బలం 350 మెగాపాస్కల్ అనుకుంటే, దాదాపు 66 కిలోన్యూటన్ల బలం కావాలి, అంటే 6.7 టన్నులు. పంచ్ మీద పడే నొక్కుడు 840 మెగాపాస్కల్. గట్టిపరచిన ఉక్కుకు అది లెక్కలోది కాదు. పంచ్‌లు ఎక్కువగా విరిగేది వేరే క్షణాల్లో. పలక తెగిన మరుక్షణం అప్పటిదాకా బిగుసుకున్న ప్రెస్ ఒక్కసారి వదులై, పంచ్ గుండా ఎదురు కుదుపు పరుగెడుతుంది. ఆపైన పంచ్ వెనక్కి వచ్చేటప్పుడు పలక దాన్ని పట్టి లాగుతుంది. ఆ లాగుడు కొట్టే బలంలో పదో వంతే అయినా అది తల కిందున్న మూలలో కేంద్రీకరిస్తుంది. పంచ్, డై ఒకే గీతలో లేకపోతే ప్రతి దెబ్బకూ వంపు తోడవుతుంది. తల కింద రేడియస్ వదలకుండా నిలువుగా కోసిన పంచ్ అక్కడే తెగుతుంది. అది పంచ్ తప్పు కాదు, డ్రాయింగ్ తప్పు.

మెలితిప్పినప్పుడు కథ మారుతుంది. సుద్దముక్కను రెండు చేతులతో పట్టి మెలిపెడితే అది అడ్డంగా కాక 45 డిగ్రీల ఏటవాలులో, మరమేకు గాడిలా తిరుగుతూ విరుగుతుంది. అతిగా గట్టిపరచిన ట్యాప్, సన్నని షాఫ్ట్ అలాగే విరుగుతాయి. మెలికలో అత్యధిక లాగుడు ఆ ఏటవాలు దిక్కున ఉండటమే కారణం. మెత్తని షాఫ్ట్ అయితే కోతకు లొంగి అడ్డంగా తెగుతుంది. విరిగిన చోటి వాలు చూసి ఉక్కు ఏ స్థితిలో ఉందో చెప్పవచ్చు.

చిన్న మూల ఎంత పెద్ద యంత్రాన్ని కూల్చగలదో ఇంగ్లండ్‌లోని హింక్లీ పాయింట్ ఏ విద్యుత్ కేంద్రంలో 1969 సెప్టెంబరులో కనిపించింది. వేగ పరీక్ష జరుగుతుండగా ఆవిరి టర్బైన్ డిస్క్ ఒకటి పగిలి టర్బైన్ మొత్తం ధ్వంసమైంది. డిస్క్‌ను షాఫ్ట్‌కు బిగించే కీవే మూలలో తేమ వల్ల ఒక పగులు పుట్టింది. విరిగేనాటికి దాని లోతు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. తయారీలో నిదానంగా చల్లారినప్పుడు వచ్చిన పెళుసుదనం తోడై, అంత చిన్న పగులునే ఆ డిస్క్ ఆపుకోలేకపోయింది. అది టూల్ స్టీల్ కంటే ఎంతో మెత్తనిదన్నది ఇక్కడ గమనించాలి. భాగం మీద నంబరు గుద్దడానికి వాడే స్టాంపు గుర్తు లోతు కూడా తక్కువేమీ కాదు. గట్టిపరచే భాగం మీద లాగుడు పడే చోట గుద్దకూడదు.

విరిగిన ముఖాన్ని చదవడం ఒక విద్య. చూడగానే చాలామంది చేసే పని రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూడటం. అలా చేస్తే సాక్ష్యం నలిగిపోతుంది. పెళుసుగా విరిగిన ముఖం చదునుగా ఉంటుంది, ఉపరితలపు గీతలు బాణం గుర్తుల్లా పగులు మొదలైన చోటిని చూపుతాయి. అక్కడ గోటి ఆకారంలో నునుపైన మచ్చ ఉంటే పగులు రోజుల తరబడి కొద్దికొద్దిగా పెరిగిందని అర్థం. గట్టి ఉక్కులో ఆ మచ్చ చాలా చిన్నదిగా ఉంటుంది, ఎందుకంటే కొద్దిగా పెరగగానే హద్దు దాటేస్తుంది. అన్నిటికంటే పనికొచ్చేది రంగు. పగులు గోడల మీద టెంపరింగ్ రంగు గానీ నల్లని పెచ్చు గానీ ఉంటే అది టెంపరింగ్‌కు ముందే ఉంది, అంటే ముంచేటప్పుడు చీలింది. గోడల వెంట కార్బన్ పోయి మెత్తబడి ఉంటే ఇంకా పాతది, ఫోర్జింగ్ నాటిది. తళతళలాడుతుంటే గ్రైండింగ్‌లోనో వాడకంలోనో వచ్చింది. హీట్ ట్రీట్‌మెంట్ చేసినవాడికీ గ్రైండింగ్ చేసినవాడికీ మధ్య తగవు చాలాసార్లు ఈ రంగుతోనే తీరుతుంది. రేణువుల అంచుల వెంట తెగిందా, రేణువులను చీల్చుకుంటూ పోయిందా అన్నది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చెబుతుంది. అంచుల వెంట తెగితే హైడ్రోజన్‌నో, అతిగా కాల్చడాన్నో, టెంపరింగ్ గుంటనో అనుమానించాలి.

చలిలో ఉక్కు పెళుసవుతుందన్నది కూడా ఇక్కడ ప్రస్తావనకు వస్తుంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే ట్యాంకర్ ఓడ రేవులో నిలిచి ఉండగానే నడుమ విరిగింది. మెత్తని ఉక్కులో వేడి ఒక హద్దు కంటే తగ్గితే పగులు నిరోధం నిటారుగా పడిపోవడం అలాంటి ప్రమాదాల వల్ల ప్రపంచానికి తెలిసింది. గట్టిపరచిన టూల్ స్టీల్‌లో అంత నిటారు పతనం ఉండదు, అది మామూలు వేడి దగ్గరే అడుగున ఉంటుంది కాబట్టి. అయినా వేడి కొంత మేలు చేస్తుంది. అల్యూమినియం పోతపోసే హెచ్13 డైలను పని మొదలుపెట్టే ముందు 200 డిగ్రీల పైకి వేడిచేస్తారు. చల్లని డైలో కరిగిన లోహం పోస్తే వేడి దెబ్బకు చీలడమే కాక, అప్పుడు దాని నిరోధం కూడా తక్కువగా ఉంటుంది.

మొత్తం గట్టిగా ఉండనక్కర్లేని చోట పైపొరను మాత్రమే గట్టిపరచడం పాత ఉపాయం. గేర్లకు కార్బన్ పట్టించి గట్టిపరిస్తే పళ్ల ముఖం 60 హెచ్‌ఆర్‌సీకి వెళుతుంది, గర్భం మెత్తగా ఉండిపోతుంది. పైపొర ఉబ్బబోతే గర్భం అడ్డుకోవడం వల్ల ఉపరితలం సహజంగానే నొక్కుడులో ఉంటుంది. నైట్రైడింగ్, ఉక్కు గుళ్లతో కొట్టే షాట్ పీనింగ్ చేసేదీ ఇదే. కార్బన్‌నే పక్కనపెట్టిన ఉక్కులు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లోని మిశ్ర ధాతు నిగమ్‌లో అంతరిక్ష అవసరాలకు తయారుచేసే మారేజింగ్ స్టీల్‌లో నికెల్ 18 శాతం, కార్బన్ 0.03 శాతం లోపు. ముంచిన తర్వాత దాని మార్టెన్‌సైట్ మెత్తగానే ఉండి, 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే సన్నని లోహ సమ్మేళనాలు పుట్టి 50 హెచ్‌ఆర్‌సీ దాటుతుంది. పగులు నిరోధం టూల్ స్టీల్‌కు అనేక రెట్లు. ధర కూడా అలాగే ఉండటంతో పంచ్‌లకు, డైలకు దాన్ని వాడటం అరుదు.

ఉక్కు మార్చలేనప్పుడు లాగుడునే రద్దు చేయవచ్చు. చల్లని ఉక్కును ఒత్తి బోల్టు తలలు, గేర్ దిమ్మలు చేసే డైలలో లోపలినుంచి వచ్చే ఒత్తిడి డై గోడను చుట్టుకొలత వెంట లాగి చీలుస్తుంది. అందుకని డైని బయటి రింగు రంధ్రం కంటే కొద్దిగా పెద్దదిగా చేసి, తక్కువ కాఠిన్యం ఉన్న మందపాటి ఉక్కు రింగును కాల్చి దాని మీద ఎక్కిస్తారు. రింగు చల్లారి బిగుసుకున్నాక డై ఏ పనీ చేయకముందే గట్టి నొక్కుడులో ఉంటుంది. పని ఒత్తిడి మొదట ఆ నొక్కుడును తీసివేయడానికే సరిపోతుంది. బిగింపు చాలినంత ఉంటే డై లోపలి గోడకు లాగుడన్నదే తగలదు. రింగు మాత్రం ఎప్పుడూ లాగుడులో ఉంటుంది. అది మెత్తనిది గనుక ఆ లాగుడును మోయగలదు.